రెనెట్‌కి తగిలిన తూటా

ఆ ఆదివారం మాంసం కుప్పల్లో ఒకటి తక్కువ పడింది.

ఆ మాట ఎవరూ పైకి అనలేదు. వేటగాళ్ళ గుడిసె ముందు, తడిసిన గడ్డి మీద నీలం పట్టా పరిచి, సంఘం అధ్యక్షుడు మార్సెలిన్ అడవిపంది మాంసాన్ని వాటాలు వేశాడు. ఒక్కో కుప్పలో ఒక భుజం ముక్క, రెండు పక్కటెముకలు, ఇంత కాలేయం. ఏ కుప్పా పక్కదానికంటే పెద్దదిగా కనిపించకుండా సర్దడంలో అతను చెయ్యి తిరిగినవాడు. ఫిర్మిన్ మామూలుగానే కుప్పలకు వీపు పెట్టి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఏ వాటా ఎలాంటిదో చూడకుండా పేర్లు పిలవడం అతని పని. వారమంతా ఊళ్ళో ఉత్తరాలు పంచేవాడు, ఆదివారం మాంసం పంచుతాడు.

"ఇది ఎవరిది?" కర్రతో ఒక కుప్పను తాకి అడిగాడు మార్సెలిన్.

"ఆన్సెల్మ్‌ది."

"ఇది?"

"మా ఆవిడది. అంటే నాదే లెండి, తినేది మాత్రం ఆవిడే."

ఎప్పుడూ నవ్వే మాటకి ఆ రోజు ఎవరూ నవ్వలేదు. పేర్లు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. అందరికీ ఎడంగా, తన వ్యాను తలుపు దగ్గర అబీలియో నిలబడి ఉన్నాడు. పోర్చుగల్ నుంచి చెట్లు కొట్టే పనికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. తుపాకీని సంచిలో పెట్టి భుజాన వేసుకున్నాడు. తన పేరు పిలవరని అతనికి తెలుసు. అయినా చివరి కుప్ప దాకా నిలబడ్డాడు.

జాగిలాల పెంపకం చూసే ఒదీల్ అప్పుడే పట్నం నుంచి వచ్చి బండి దిగింది. కోటు చేతులు మోచేతుల దాకా రక్తం ఎండి బిరుసెక్కాయి. జాగిలాల గుంపుకంతటికీ పెద్దదిక్కయిన ఆడ జాగిలం రెనెట్‌ని తుంటి చీలిపోయిన స్థితిలో పశువుల డాక్టరు బల్ల మీద వదిలి వచ్చింది. బతుకుతుందో లేదో సాయంత్రం చెబుతానన్నాడు.

అబీలియో ఆమె వైపు రెండడుగులు వేశాడు.

"మేడమ్, నేను రోడ్డు దాటిపోయిన పంది పిల్ల మీద కాల్చాను. తగల్లేదు. నా తూటా రోడ్డు పక్క గట్టులో దిగింది. ఒక్కసారి వచ్చి చూడండి."

"నిన్ను చూడటమే ఎక్కువ. నీ గట్టు కూడా చూడాలా?"

"మేడమ్..."

"రెండు తూటాలు పేలాయి. ఒకటి నాది, పందికి తగిలింది. రెండోది నీది. ఇంకేం చూడాలయ్యా? దాని ఒంటిరంగు పంది రంగే, ఒప్పుకుంటాను. అడ్డంగా కదిలిన ప్రతి బూడిదరంగు దాన్నీ కాల్చేవాడు కుందేళ్ళ వేటకి పోవాలి." ఆమె గొంతు గుడిసె లోపలివాళ్ళకి కూడా వినబడింది. "జాగిలాన్ని కాల్చినవాడికి ఈ బల్ల దగ్గర చోటు లేదు. ఎప్పటికీ లేదు. వెళ్ళు."

అతను వెళ్ళాడు. వ్యాను మలుపు తిరిగేదాకా అందరూ బూట్ల వంకే చూశారు. తర్వాత మార్సెలిన్ వైన్ సీసా తెరిచాడు.

రెనెట్ బతికింది. తూటా ఎముకని రాసుకుంటూ కండలోంచి దూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. చీము కారడానికి రబ్బరు గొట్టం పెట్టి కుట్లు వేశాడు. రోజుకి మూడుసార్లు కడగాలి, జ్వరం చూస్తూ ఉండాలి, గుంపులో వదలకూడదు.

ఈ చివరిదే కష్టమైంది. నివెర్నే జాతి జాగిలం ఇంట్లో బతికే కుక్క కాదు. పుట్టింది కొట్టంలో గడ్డి మీద, పెరిగింది ఇరవై వీపుల మధ్య. ఒదీల్ దాన్ని వంటింట్లో పొయ్యి పక్కన పాత దుప్పటి మీద పడుకోబెడితే, బయట గాలికి తలుపు కదిలినప్పుడల్లా తల ఎత్తి చూసింది. సూపులో నానబెట్టిన రొట్టె ముక్కలు పెడితే మూతి తిప్పుకుంది. కాలేయం పెట్టినా అంతే. గరుకు వెంట్రుకల కనుబొమల కింద నుంచి ఆమెనే చూస్తూ పడుకుంది.

ఒదీల్ ఊరికే కూచోలేదు. సాయంత్రం మేత వేళకి రెనెట్‌ని గొర్రెపిల్లలా రెండు చేతుల మీదా ఎత్తుకుని కొట్టానికి నడిచింది. అది తక్కువ బరువు కాదు, ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. కొట్టం తలుపు వెనక జాగిలాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎగబడుతున్నాయి. ఒక్క మాట అంది. ఎగబడటం ఆగింది. పొడవాటి తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూచుని, రెనెట్‌ని ఒడిలో పెట్టుకుని, పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

"సుల్తాన్."

సుల్తాన్ ఒక్కడే బయటికొచ్చి తొట్టి చివర నిలబడ్డాడు.

"సెరాఫ్... తంబూర్... ఒరేయ్ తంబూర్, నీ పేరు పిలిచాక కదా రావాలి, సగంలోనే వస్తే ఎలా? వెనక్కి. ఆఁ, ఇప్పుడు రా."

పేరు పిలిస్తే తప్ప ఏదీ గడప దాటదు. ఈ క్రమం నేర్పడానికి ఆమెకి ఇరవై ఏళ్ళు పట్టింది. మొగుడు పోయిన ఏడు కూడా ఒక్క పూట తప్పలేదు. అన్నీ తొట్టి వెంట బారు తీరి తలలు దించాక, మింగుతున్న చప్పుడు రెండు వైపుల నుంచీ చెవిన పడ్డాక, రెనెట్ ఆమె మోచేతి మీదుగా మెడ చాచి తినడం మొదలుపెట్టింది. గుంపు తింటేనే అది తింటుంది. కూడా ఎవరూ లేని తిండి దానికి తిండి కాదు.

అలా నాలుగు పూటలు గడిచాయి. తర్వాత జ్వరం వచ్చింది.

కుట్లకి కింద, తొడ లోపలి వైపు, నిమ్మకాయంత గడ్డ లేచింది. డాక్టరుకి ఫోన్ చేస్తే ఈనుతున్న ఆవు దగ్గర ఉన్నాడు. లోపల ఏదో ఉండిపోయి ఉంటుంది, వేడి గుడ్డతో కాపడం పెట్టి మెల్లగా నొక్కు, అది తనంతట తనే దారి చేసుకుంటుంది, రాకపోతే రేపు తీసుకురా అన్నాడు. ఒదీల్ ఉప్పునీళ్ళు మరిగించింది. రెనెట్ తలని తన మోకాలి కింద ఒత్తిపెట్టి, కిటికీ దగ్గరికి జరిగి, గుడ్డతో కాపడం పెట్టింది. నొక్కింది. అది మూలిగింది కానీ పళ్ళు చూపలేదు.

"అయిపోయింది తల్లీ, అయిపోయింది. ఇంకొక్కసారి."

చీముతో పాటు సన్నటి నల్లటి ముక్క ఒకటి బయటికొచ్చింది. గాయంలోకి పోయిన రెనెట్ వెంట్రుకే అనుకుని గుడ్డతో తుడిచెయ్యబోయింది. వేలికి గుచ్చుకుంది. జాగిలం వెంట్రుక ఎంత గరుకైనా అలా గుచ్చుకోదు. పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగి, కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుంది. ఒక కొస తెగి ఉంది. రెండో కొస, చీపురు పుల్ల చీలినట్టు, రెండుగా చీలి ఉంది.

కొస చీలి ఉండేది అడవిపంది వెంట్రుక ఒక్కటే. చిన్నప్పటి నుంచీ పందుల్ని గీరి, ఒలిచి, ఆ వెంట్రుకలు గోళ్ళలోంచి లాక్కున్న మనిషికి అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

పంది వెంట్రుక రెనెట్ తొడ లోపలికి ఎలా వెళ్ళింది?

తూటా తీసుకెళ్ళింది. ముందు పందిలో దూరి, అటు వైపు తోలు చీల్చుకుని, దాని వెంట్రుకని లాక్కుపోయి, రెనెట్‌లో దిగింది. అబీలియో తూటా ఏ పందికీ తగల్లేదని ఊరంతా నవ్వుకుంది. ఆ రోజు పందిని పడగొట్టింది ఒక్కరే.

ఒదీల్ లేచి కోటు వేసుకుంది. రెనెట్‌కి దుప్పటి కప్పింది. గుడిసె వెనక, ఒలిచిన తోళ్ళూ పేగులూ వేసే డబ్బాలు ఉన్నాయి. వాటిని పట్టుకుపోయే లారీ ఇంకా రాలేదు. చలికి తోలు అట్టలా బిగుసుకుపోయింది. దాన్ని బయటికి లాగి మంచు గడ్డి మీద పరిచింది. ఎడమ భుజం వెనక వేలు పట్టేంత కంత. తను పెట్టిందే. తోలు తిరగేసింది. కుడి వైపు పక్కటెముకల కింద పిడికిలి పట్టేంత చిరుగు, అంచుల్లో వెంట్రుకలు బయటికి తిరిగి ఉన్నాయి. ఆదివారం పట్నం నుంచి వచ్చాక ఈ తోలు ఎత్తి డబ్బాలో వేసింది తనే. ఈ చిరుగు కూడా చూసింది. చూసి, తూటా బాగా దిగింది అనుకుంది.

ఆ క్షణం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ముళ్ళపొదల్లో పంది ఎదురు తిరిగి నిలబడింది. జాగిలాలు చుట్టూ కమ్ముకున్నాయి. మెడపట్టీల్లోని యంత్రం అవి ఏ గుట్ట మీద ఉన్నాయో చెబుతుంది గాని, పందికి ఏ పక్కన ఉన్నాయో చెప్పదు. ఆ పొదల్లో కళ్ళకి ఏమీ కనిపించదు. ఇరవై ఏళ్ళుగా ఆమె చూసేది చెవులతోనే. మోకాళ్ళ మీద పాకుతూ గొంతులు పోల్చుకుంది. సుల్తాన్ ఇటు, సెరాఫ్ ఇటు, తంబూర్ తన బూట్ల పక్కనే. అటు వైపు నుంచి ఏ గొంతూ లేదు. అటు ఖాళీ. కాల్చింది.

అటు రెనెట్ ఉంది. నోరు మెదపలేదు, ఎందుకంటే దాని నోట్లో పంది తొడ ఉండి ఉండాలి. ఆరేళ్ళలో ఎప్పుడూ పందిని పళ్ళతో పట్టింది కాదు. దూరం నుంచి గొంతెత్తి నిలబెట్టే జాతి దానిది. ఆ ఒక్క రోజు ఏమయిందో ఏమో, పట్టుకుంది. పళ్ళు బిగించిన జాగిలం కూత పెట్టలేదు. కూత లేని చోట జాగిలం లేదనుకుంది ఒదీల్.

తోలుని మళ్ళీ డబ్బాలో పడేసి మూత పెట్టింది.

ఇంటికొచ్చాక పొయ్యి మూత తీసి వెంట్రుకని నిప్పుల్లో వేసింది. అది ముడుచుకుని చిటపటమంది. కాలిన కొమ్ము వాసన వంటింటి నిండా వ్యాపించింది. రెనెట్ ముక్కు ఎత్తి ఆ వాసనని శ్రద్ధగా పీల్చింది. ఒదీల్ కిటికీ తెరిచింది. ఇక ఎవరికీ తెలియదు. డాక్టరుకి వెంట్రుకతో పని లేదు. తోలు లారీ ఎక్కిపోతుంది. అబీలియో తుపాకీ పట్టి నాలుగేళ్ళే అయింది, వేట లేకపోతే చచ్చిపోడు. తనకి? ఆమె ఆ ప్రశ్నని అక్కడే ఆపేసి నేల కడగడం మొదలుపెట్టింది.

మర్నాడు ఫిర్మిన్ తపాలా బండి ఆపి లోపలికొచ్చాడు. ఉత్తరాలేమీ లేవు, పొయ్యి ఉందని వచ్చాడు.

"అక్కా, ఈ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే నయం. మామూలు రోజుల్లో నాకు కాఫీ దొరకదు." రెనెట్ పక్కన గొంతుక్కూచుని దాని చెవి వెనక గోకాడు. "ఎలా ఉంది రాణిగారికి?"

"జ్వరం దిగింది."

"మంచి మాట. ఊళ్ళో ఇంకో సంబరం." కప్పు మీద ఊదుకుంటూ చెప్పాడు. "అబీలియో గేటుకి ఎవరో పాత కుక్క పట్టీ కట్టారు తెలుసా? పట్టీలో ఖాళీ తూటా గుచ్చి మరీ కట్టారు."

"ఎవరు?"

"ఎవరైతే ఏం? మనవాళ్ళే. కుర్రకారు అనుకో. వాళ్ళ అమ్మాయి ఉదయం బడికెళ్తూ చూసిందట. బస్సులో పిల్లలు ఆ పిల్లని చూసి మొరుగుతున్నారట." నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "నేను నవ్వలేదక్కా. అంటే, మొదట కొంచెం నవ్వాను."

ఒదీల్ చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"కాఫీ తాగేసి వెళ్ళు ఫిర్మిన్."

"ఇంకా కాలుతోంది."

"అయితే కప్పుతో సహా వెళ్ళు."

అబీలియో ఇల్లు ఊరి చివర, దుంగలు పేర్చిన దొడ్డి వెనక. గేటుకి పట్టీ ఇంకా వేలాడుతోంది. అతను షెడ్డులో కూచుని రంపపు గొలుసుకి ఆకురాయి పెడుతున్నాడు. పన్ను పన్నుకీ ఆకురాయి ఒకే వైపు తోస్తూ, ఆమె గేటు దగ్గర ఆగడం చూసి కూడా ఆ వరస పూర్తి చేసి లేచాడు.

ఒదీల్ పట్టీ ముడి మీద చెయ్యి వేసింది.

"వదిలెయ్యండి మేడమ్."

"ఎందుకు ఉంచావ్?"

"కట్టినవాళ్ళే విప్పాలి."

ఆమె చెయ్యి తీసింది. "నీ గట్టు చూపించు," అంది.

అడవి రోడ్డు దాకా అతని వ్యానులో వెళ్ళారు. దారిలో ఇద్దరూ మాట్లాడలేదు. ఆదివారం అతను నిలబడిన చోట గడ్డి ఇంకా అణిగే ఉంది. అక్కడి నుంచి రోడ్డు దాటి, అడవికి వీపు పెట్టి, ఎదుటి గట్టుకి నడిచాడు. ఎండిన ఫెర్న్ ఆకులు కప్పిన చోటు ఒకటి ఉంది. వాటిని తొలగించాడు. ఎర్రమట్టిలో, బీచ్ చెట్టు వేళ్ళ మధ్య, గుండ్రటి కంత. ముళ్ళపొదలు ఉన్నది రోడ్డుకి అవతల, దీనికి పూర్తిగా వ్యతిరేక దిక్కున. ఏ రకంగా చూసినా ఇక్కడ దిగిన తూటా అక్కడి జాగిలానికి తగలదు.

"తవ్వి తియ్యలేదేం?"

"తీసి తెస్తే, జేబులో ఉన్నదేదో తెచ్చి చూపిస్తున్నావంటారు. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని మూసి ఉంచాను."

"ఆ రోజే గట్టిగా అరవొచ్చు కదయ్యా!"

"అరిస్తే పోర్చుగీసువాడు తాగి ఉన్నాడంటారు. ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నాడంటారు. రెంట్లో ఊరుకోవడం తేలిక."

ఒదీల్ కంతలోకి వేలు పెట్టింది. లోపల చల్లటి లోహం తగిలింది. వేలు తియ్యకుండానే చెప్పింది.

"రెనెట్‌లో దిగింది నా తూటా. పందిలోంచి పోయి దానికి తగిలింది. నిన్న తెలిసింది నాకు."

అతను చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. పైన గుట్ట మీద ఎక్కడో చెట్టు కూలిన చప్పుడయింది. అతని పనివాళ్ళు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"మరి నాకెందుకు చెబుతున్నారు?"

ఒదీల్ కంతలోంచి వేలు తీసింది. "రెనెట్ లేచి నిలబడుతోంది," అంది. "మూడు కాళ్ళ మీద."

"సంతోషం మేడమ్." ఆకుల్ని మళ్ళీ కంత మీద కప్పాడు. "నన్ను పొమ్మన్నది అందరి ముందర. నా ఒక్కడికి చెబితే నా కూతురు ఎక్కే బస్సులో ఏం మారుతుంది?"

శనివారం సంఘం కూడింది. మర్నాటి వేటకి ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చుకునే రోజు అది. గుడిసెలో పొయ్యి రాజుకుంది. బల్ల మీద రొట్టె, మిరియాల సాసేజీ, వైన్. ఒదీల్ వెనకే అబీలియో లోపలికి అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి.

"ఇదేంటి అమ్మాయ్?" అన్నాడు మార్సెలిన్. అతను ఆమె మొగుడికి అన్న. ఇరవై ఏళ్ళుగా ఆమెని అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"బావగారూ, మీరంతా ఒక్క నిమిషం వినండి. రెనెట్‌ని కాల్చింది ఇతను కాదు. నేను."

ఫిర్మిన్ చేతిలో కత్తి సాసేజీలో సగం దిగి ఆగింది.

చెప్పింది. గడ్డ, వెంట్రుక, తోలు, చిరుగు. కూత వినబడని వైపు కాల్చిన సంగతి కూడా చెప్పింది.

"ఏదీ ఆ వెంట్రుక?" అన్నాడు మార్సెలిన్ చివరికి.

"కాల్చేశాను."

"ఎందుకు?"

"ఎందుకు కాలుస్తారు బావా?"

"తోలు?"

"లారీ వచ్చి పట్టుకుపోయింది."

మార్సెలిన్ కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో బిగువు సడలింది. "అయితే ఇక్కడ ఉన్నదేమిటి? ఏమీ లేదు. జాగిలం పక్కన కూచుని నిద్ర లేక నీకేదో తోచింది. కూచో. ఇంత తిను."

"అతని తూటా గట్టులో ఉంది. వేలు పెట్టి చూశాను. రండి, కత్తి తీసుకుని అందరం వెళ్దాం. ఇక్కడికి పది నిమిషాలు."

ఎవరూ లేవలేదు. ఆన్సెల్మ్ పొయ్యిలో ఒక కట్టె వేసి, అవసరం లేకపోయినా ఇంకొకటి వేశాడు.

"సరే," అన్నాడు మార్సెలిన్. "ఉందనే అనుకుందాం. అయితే అబీలియో తప్పు లేదు. అతని పేరు మళ్ళీ పిలుస్తాం, చేతులు కలుపుతాం, ఓ మంచి సీసా తెరుస్తాం. నీది ప్రమాదం. పందిలోంచి దూసుకుపోయిన తూటాని నువ్వు చెయ్యి అడ్డం పెట్టి ఆపలేవు కదా. ఇక్కడితో వదిలెయ్."

ప్రేమగానే అన్నాడు. నిజం తెలిసినప్పటి నుంచీ ఎవరైనా ఈ మాట అంటే బాగుండునని ఆమె అనుకున్నదే. తీరా విన్నాక, ఆ మాటలో ఇంకొకరికి చోటు లేదని తెలిసింది.

"జెర్వేది కూడా ప్రమాదమే," అంది.

అందరికీ ఆ పేరు తెలుసు. ఏడేళ్ళ క్రితం పొగమంచులో జెర్వే ఆమె జాగిలాన్ని కాల్చాడు. ఆ రోజు ఇదే బల్ల మీద ఒదీల్ పిడికిలి గుద్దింది. జాగిలాన్ని కాల్చినవాళ్ళు, ప్రమాదం కానీ మరొకటి కానీ, మళ్ళీ ఈ వేటలో అడుగు పెట్టకూడదు. అందరి చేతా ఒప్పించింది. జెర్వే ఆమెకి పక్కింటివాడు. తర్వాత బతికినంత కాలం, ఆమె కంట పడకుండా, రొట్టెల కొట్టుకి చెరువు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఈస్టరు ముందు పోయాడు.

"ఆ నియమం తుపాకీ పట్టుకుని రోడ్డు మీద నిలబడేవాళ్ళకి," అన్నాడు మార్సెలిన్. "నీకు కాదు."

"అని ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? నువ్వు లేకపోతే ఆ గుంపు గడప దాటదు. పందులు పచ్చిక ఎలా దున్నేశాయో చూశావా? నీ పట్టుదలకి ఊరు గడ్డి కొనుక్కోవాలా?" అబీలియో వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. అన్యాయం జరిగింది నీకు. నువ్వు సరే అంటే మాకేం అభ్యంతరం లేదు."

అబీలియో టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు.

"నన్ను పంపేటప్పుడు నన్నడగలేదు కదా," అన్నాడు. "ఆవిణ్ణి ఉంచడానికి మాత్రం నన్నడగొద్దు."

ఒదీల్ మెడలోంచి, జాగిలాల్ని పిలిచే ఇత్తడి బూర తీసింది. తాడు జుట్టుకి చిక్కుకుంటే విడదీసుకుని, బూరని ఫిర్మిన్ ముందు పెట్టింది. మూడేళ్ళుగా గుంపుకి రెండో పక్క నడిచేది అతనే.

"నాకొద్దక్కా. నేను ఊదితే ఆవు ఈనుతున్నట్టుంటుంది."

"నేను మొదట్లో ఊదినప్పుడు మీ నాన్న కూడా అదే అన్నాడు."

"మార్సెలిన్ గారూ, మీరైనా చెప్పండి!"

మార్సెలిన్ ఆమె వైపు చూడకుండా, "ఇది నువ్వు మాకు వేస్తున్న శిక్ష అమ్మాయ్," అన్నాడు వైన్ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు.

ఆమె బయటికొచ్చేసరికి ఆన్సెల్మ్ వెనకే వచ్చాడు. అబీలియో ఇంటి గేటు వైపు దారి తీశాడు. అడక్కుండానే, "ఆ పట్టీ నా కొడుకే కట్టాడు," అని గొణిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని వేగంగా నడిచాడు.

ఆదివారం ఉదయం మంచు గట్టిగా కురిసింది. తుపాకీలు పట్టినవాళ్ళు అప్పటికే తమ తమ చోట్లకి వెళ్ళిపోయారు. వాళ్ళలో అబీలియో ఉన్నాడో లేదో ఒదీల్ అడగలేదు. కొట్టం ముందు ఫిర్మిన్ బూర మెడలో వేసుకుని, కొత్త చొక్కా వేసుకున్న పెళ్ళికొడుకులా ఇబ్బందిగా నిలబడ్డాడు.

ఆమె తలుపు తీసి ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్కటే బయటికొచ్చింది. మెడపట్టీలు బిగించింది. పాదాల అడుగున పగుళ్ళు చూసింది. తంబూర్ గోటికి ముల్లు ఉంటే పళ్ళతో లాగి ఉమ్మింది.

"ఇక పట్టుకెళ్ళు."

ఫిర్మిన్ ఊదాడు. ఆవు ఈనినట్టే ఉంది. గుట్ట వైపు నడిచాడు. పది గజాలు వెళ్ళి వెనక్కి చూస్తే వెంట ఒక్కటీ లేదు. జాగిలాలన్నీ ఒదీల్ బూట్ల చుట్టూ కూచుని ఆమె మొహం వంక చూస్తున్నాయి.

"చూశావా?" అన్నాడు ఫిర్మిన్. అతని గొంతులో ఆశ ఉంది. "రా అక్కా. ఈ ఒక్క రోజుకి. నేనెవరికీ చెప్పను."

కొరడా ఝళిపిస్తే వెళ్తాయి. ఆమెకి తెలుసు. కానీ భయంతో వెళ్ళిన జాగిలం వాసన వెతకదు, వెనక్కి చూస్తూ ఉంటుంది. వచ్చే ఆదివారం కూడా చూస్తుంది. తను కళ్ళ ముందు ఉన్నంత కాలం ఇంతే.

"నేను లోపలికెళ్ళాక ఇంకోసారి ఊదు," అంది. "రాకపోయినా ఆగకు. వెనక్కి తిరక్కు. నడుస్తూనే ఉండు."

"రాకపోతే?"

"నడువు."

ఆమె వాటి మధ్యలోంచి నడిచి వంటింట్లోకి వెళ్ళి, తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. పొయ్యి దగ్గర రెనెట్ మూడు కాళ్ళ మీద లేచింది. బయట పాదాల చప్పుడు గడప దాకా వచ్చింది. తలుపు కింద సందులో ముక్కులు పీల్చాయి. గోళ్ళు చెక్కని గీరడం మొదలుపెట్టాయి, ముందు ఒకటి, తర్వాత అన్నీ. తలుపు అదిరింది. ఒదీల్ చెయ్యి గొళ్ళెం మీదికి వెళ్ళింది.

దూరంగా బూర మోగింది. రెండోసారి మోగినప్పుడు ఇంకొంచెం దూరం నుంచి వినిపించింది.

గీరడం పలచబడింది. గడప మీద నుంచి ఒక జత పాదాలు వెళ్ళిపోయాయి. ఇంకో జత. తర్వాత ఒకేసారి చాలా. చివరికి ఒక్కటి మిగిలింది. అది గీరడం లేదు. తలుపుకి ఒళ్ళు ఆనించి కూచుందని చెక్క మీద పడ్డ బరువుని బట్టి తెలుస్తోంది. అది ఏ జాగిలమో కనుక్కోవడానికి ఆమె చెవి ఒగ్గలేదు. పేరు పిలిస్తే లోపలికొస్తుంది. పిలవకపోతే వెళ్తుంది. నోరు గట్టిగా మూసుకుంది.

చాలాసేపటికి ఆ బరువు కూడా తలుపు మీద నుంచి లేచింది. మంచు మీద పాదాలు మొదట నెమ్మదిగా, తర్వాత పరుగున గుట్ట వైపు వెళ్ళాయి. ఒదీల్ చెయ్యి గొళ్ళెం మీదే ఉండిపోయింది.